పాఠం చెప్పేవారికి ఆ పాఠంలో తగినంత శిక్షణ ఉంటోందా?

ప్రశ్న: కొత్తపంతులు

గణితంలో స్నాతకోత్తర పట్టా పూర్తిచేసి, ప్రస్తుతం ఉపాధ్యాయ శిక్షణ చివరి దశలో ఉన్నాను. మా శిక్షణలో బాలల మనోవికాసం, తరగతి నిర్వహణ, పాఠ్యపథక రచన, మూల్యాంకనం వంటి అంశాలన్నీ ఉన్నాయి. అవి అనవసరమని నేను అనను. అయితే రేపు తరగతిలో నిలబడి మేము చెప్పవలసిన భిన్నాలు, దశాంశాలు, రుణసంఖ్యలు, వైశాల్యం వంటి పాఠాలను మాత్రం ఎవరూ విప్పి చూపలేదు. అవి డిగ్రీలోనే వచ్చి ఉంటాయన్న ధీమాతో శిక్షణ సంస్థ వాటిని దాటేసింది. డిగ్రీ చదివేటప్పుడేమో, అవి బడిలోనే అయిపోయాయి కదా అని కళాశాల వాటి జోలికి పోలేదు. ఆ విధంగా సమూహ సిద్ధాంతం, వాస్తవ విశ్లేషణ వంటి ఉన్నత గణితం చదివి మార్కులు తెచ్చుకున్న నాకు, రెండు రుణసంఖ్యల లబ్ధం ధనసంఖ్య ఎందుకవుతుందో పన్నెండేళ్ల పిల్లవాడు ఒప్పుకునేలా చెప్పే మార్గాన్ని ఎవరూ నేర్పలేదు.

అభ్యాస బోధన సమయంలో నా సహాధ్యాయి ఒకరు భిన్నాల భాగహారం చెబుతుండగా, ఒక అమ్మాయి లేచి, "భాగిస్తే తగ్గాలి కదా, అరతో భాగిస్తే ఎందుకు పెరిగింది?" అని అడిగింది. "భిన్నం తలకిందులు చేసి గుణించాలి, నియమం అంతే" అన్నది ఆమెకు దొరికిన జవాబు. వెనుక బెంచీలో కూర్చున్న పర్యవేక్షకులు తమ పుస్తకంలో నల్లబల్ల వినియోగం బాగుందనీ, స్వరం స్పష్టంగా ఉందనీ, సమయపాలన పాటించారనీ రాశారు. ఆ అమ్మాయి ప్రశ్న గురించి గాని, దానికి వచ్చిన జవాబు గురించి గాని ఒక్క మాట కూడా అందులో లేదు, ఎందుకంటే ఆ పత్రంలో దానికి గడి లేదు.

ఈ లోటు మేము చదివిన చోటికే పరిమితమా, లేక ఉపాధ్యాయ శిక్షణ అన్నది అంతటా ఇలాగే సాగుతోందా? ఉపాధ్యాయుడి విషయ పరిజ్ఞానానికీ విద్యార్థుల అభ్యసనకూ నిజంగా అంత సంబంధం ఉందా, లేక గణితం మీది మమకారంతో నేను దానికి మరీ పెద్దపీట వేస్తున్నానా? అనుభవజ్ఞులు చెప్పగలరు.


సమాధానం: పాతబల్ల

మీరు చెప్పిన రెండువైపుల నిర్లక్ష్యానికి వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ 1908లో ఉపాధ్యాయుల కోసం వెలువరించిన ఉపన్యాసాల్లో సరిగ్గా ఇదే పరిస్థితిని వర్ణించాడు. విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన విద్యార్థికి, అక్కడ చెప్పేదానికీ బడిలో చదివినదానికీ ఏ సంబంధమూ కనిపించదు గనుక బడి గణితాన్ని మరిచిపోతాడు; చదువు ముగించి తిరిగి బడికి ఉపాధ్యాయుడిగా వచ్చాక, తాను చదివిన ఉన్నత గణితానికి ఇక్కడ పని కనిపించదు గనుక దాన్నీ మరిచిపోయి, తన చిన్నప్పుడు తనకెలా చెప్పారో అలాగే చెప్పడం మొదలుపెడతాడు. క్లైన్ ఎత్తిచూపిన ఈ జంట విచ్ఛేదం ఇప్పటికీ ఉన్నచోటే ఉంది.

మరొక విశేషం లీ షుల్మన్ అనే విద్యావేత్త 1986లో ప్రచురించిన వ్యాసంలో ఉంది. 1875లో కాలిఫోర్నియా రాష్ట్రం ఉపాధ్యాయులకు పెట్టిన పరీక్షను ఆయన తిరగేసి చూస్తే, మొత్తం 1000 మార్కుల్లో బోధనా సిద్ధాంతానికీ ఆచరణకూ కేటాయించినవి 50 మాత్రమే. తక్కినదంతా దాదాపు అంకగణితం, వ్యాకరణం, భూగోళం వంటి విషయాలే. శతాబ్దం గడిచి 1980ల నాటికి చూస్తే ఉపాధ్యాయుల అర్హతా ప్రమాణాలన్నీ పాఠ్యపథకం, తరగతి క్రమశిక్షణ, మూల్యాంకనం వైపు మొగ్గిపోయి, అసలు చెబుతున్న విషయం ఏమిటన్న ప్రశ్న కనుమరుగైంది. షుల్మన్ పాత పరీక్షకు తిరిగి వెళ్దామనలేదు. ఒక విషయాన్ని తెలుసుకోవడం ఒకటి, బోధనా పద్ధతులు తెలియడం మరొకటి, ఈ రెండూ కాక ఆ ఫలానా విషయాన్ని ఎదుటివారికి అర్థమయ్యే రూపంలోకి తేగలిగే జ్ఞానం మూడవది అని ఆయన వాదన. ఏ ఉదాహరణ పనికివస్తుంది, ఏది దారి తప్పిస్తుంది, ఈ పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారు అన్నవి ఈ మూడవదానిలోకి వస్తాయి. మీ సహాధ్యాయికి లేనిది ఇదే. పర్యవేక్షకుల పత్రంలో గడి లేనిదీ దీనికే.

భిన్నాల భాగహారం గురించి అడిగారు కాబట్టి, లిపింగ్ మా అనే పరిశోధకురాలు 1999లో ప్రచురించిన అధ్యయనాన్ని ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఆమె అమెరికాకు చెందిన 23 మంది, చైనాకు చెందిన 72 మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు ఒకే లెక్క ఇచ్చారు: ఒకటీ ముప్పావును అరతో భాగించండి, ఆ భాగహారానికి సరిపోయే ఒక కథను గాని సందర్భాన్ని గాని చెప్పండి. చైనా ఉపాధ్యాయులందరూ లెక్క సరిగ్గా చేశారు, 65 మంది సరైన సందర్భం చెప్పగలిగారు. అమెరికా ఉపాధ్యాయుల్లో లెక్కను పూర్తిగా సరిగ్గా చేసినవారు 9 మంది. సరైన భావమున్న సందర్భాన్ని అల్లగలిగింది ఒక్కరే. ఎక్కువమంది 'అరతో భాగించడా'న్ని 'రెండుతో భాగించడం'గా తీసుకుని, ఉన్నదాన్ని ఇద్దరికి సమానంగా పంచే కథలు చెప్పారు.

ఇది అమెరికాను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఆ చైనా ఉపాధ్యాయుల్లో చాలామంది తొమ్మిదో తరగతి తరువాత రెండు మూడేళ్ల శిక్షణ మాత్రమే పొందినవారు. అమెరికావారేమో డిగ్రీ చదివినవారు. చదివిన ఏళ్లను బట్టి చూస్తే ఫలితం తలకిందులుగా రావాలి. తాము చెప్పే పాఠ్యపుస్తకాన్నే ఏళ్ల తరబడి తరచి తరచి చదవడం, ఒక లెక్కకు మూడు నాలుగు మార్గాలు వెతకడం, తోటి ఉపాధ్యాయులతో దాని మీద వాదించడం వల్ల వారికి ఆ పట్టు వచ్చిందని ఆమె పరిశీలన.

ఆ లెక్కలో ఎంత లోతు ఉందో ఒక్కసారి చూడండి. ఒకటీ ముప్పావు లీటర్ల నీటిని అర లీటరు సీసాల్లో నింపితే మూడు సీసాలు నిండి పావు లీటరు మిగులుతుంది. అప్పుడు ఒక తెలివైన పిల్లవాడు "జవాబు మూడుంబావు" అంటాడు. అతను తప్పేమీ చూడలేదు, మిగిలింది నిజంగా పావు లీటరే. కానీ ప్రశ్న ఎన్ని లీటర్లని కాదు, ఎన్ని సీసాలని. పావు లీటరు అంటే అర సీసా, కాబట్టి జవాబు మూడున్నర. కొలమానం లీటరు నుంచి సీసాకు మారిందన్న సంగతి ఉపాధ్యాయుడికి ముందుగా తట్టి ఉంటే ఆ పిల్లవాడి జవాబే ఆ రోజు పాఠమవుతుంది. తట్టకపోతే "తప్పు, కూర్చో" అవుతుంది. అర లీటరు సీసాలు లీటరు సీసాలకంటే ఎక్కువ కావాలి గనుక అరతో భాగిస్తే సంఖ్య పెరుగుతుందని ఆ అమ్మాయికీ ఇక్కడే జవాబు దొరుకుతుంది. సమూహ సిద్ధాంతం ఇందుకు అడ్డం రాదు గాని, దానంతట అది ఇక్కడికి తీసుకునీ రాదు.


సమాధానం: జీవకణం

పాతబల్ల గారు చెప్పినదంతా, చదివిన విషయాన్నే బోధించేవారి గురించి. చదవని విషయాన్ని బోధించేవారి సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను. నేను జంతుశాస్త్రం చదివాను. గతంలో పనిచేసిన ఒక పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు బదిలీ అయితే, టైంటేబుల్‌లో నాకు ఖాళీలు ఉన్నాయన్న ఒకే ఒక అర్హతతో ఆ పాఠాలు నాకు అప్పగించారు. విజ్ఞానశాస్త్రం అంతా ఒకటేనన్నది వారి భావన. ముందురోజు రాత్రి చదివి మరునాడు ఉదయం చెప్పడం సాధ్యమే. అయితే అలా చెప్పేటప్పుడు పుస్తకంలోని వాక్యం దాటి ఒక్క అడుగు వేయడానికీ ధైర్యం చాలదు, పిల్లలు ప్రశ్న అడగకుండా ఉంటే బాగుండునని మనసులో కోరుకుంటాం. ఉపాధ్యాయుడు ప్రశ్నలకు భయపడే తరగతిలో పిల్లలు ప్రశ్నలు మానేయడం ఎంతోకాలం పట్టదు.

ఇలాంటి చోటే తప్పుడు వివరణలు తరం నుంచి తరానికి దాటుతాయి. భూమి సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు వేసవి, దూరంగా వెళ్లినప్పుడు చలికాలం వస్తుందని ఒక సహోద్యోగి ఎంతో చక్కటి పటం గీసి చెప్పడం విన్నాను. భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. అతి దూరంగా ఉండేది జులై మొదటి వారంలో, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్ల దూరంలో. ఉత్తరార్ధగోళంలో చలిగా ఉన్నప్పుడే దక్షిణార్ధగోళంలో వేసవి ఉంటుందన్న ఒక్క సంగతి గుర్తుకొచ్చినా ఆ వివరణ నిలవదు. కారణం భూమి అక్షం వంపు. ఆయన తెలివితక్కువవారు కారు, రసాయనశాస్త్రం అద్భుతంగా చెప్పేవారు. తనది కాని పాఠం ఆయన చేతికి వచ్చింది, అంతే. శిక్షణ బాగుందా లేదా అని చర్చించే ముందు, ఎవరికి దేనిలో శిక్షణ ఉందో చూసి పాఠాలు కేటాయిస్తున్నారా అన్నది తేల్చాలి. ఎంత మంచి శిక్షణైనా టైంటేబుల్ వేసేవారి చేతిలో ఒక్క రోజులో వృథా కావచ్చు.


సమాధానం: ఎదురుప్రశ్న

అందరూ ఒకే దిక్కుకు నడుస్తున్నారు కాబట్టి రెండవ పక్షం కూడా వినిపించాలని రాస్తున్నాను. విషయ పరిజ్ఞానం పెరిగేకొద్దీ బోధన మెరుగవుతుందన్నది వినడానికి ఎంత సహజంగా ఉన్నా, ఆధారాలు అంత సులభంగా దానికి తలొగ్గడం లేదు. ఎడ్వర్డ్ బిగెల్ అనే గణిత విద్యావేత్త అప్పటివరకు వచ్చిన పరిశోధనలను కూర్చి రాయగా 1979లో వెలువడిన పుస్తకంలో, ఉపాధ్యాయుడు కళాశాలలో ఎన్ని గణిత కోర్సులు చదివాడన్నదానికీ విద్యార్థుల ఫలితాలకూ మధ్య చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. డేవిడ్ మంక్ 1994లో ఉన్నత పాఠశాల స్థాయిలో పరిశీలిస్తే కొంత సంబంధం కనిపించింది గాని, ఐదు కోర్సులు దాటాక అదనంగా చదివిన గణితం వల్ల వచ్చే లాభం బాగా తగ్గిపోయింది.

అంతేకాదు, ఎక్కువ తెలియడమే కొన్నిసార్లు అడ్డంకి అవుతుంది. బీజగణితం నేర్చుకుంటున్న పిల్లలకు మాటల్లో ఇచ్చిన లెక్క తేలికా, సమీకరణ రూపంలో ఇచ్చినది తేలికా అని అడిగితే, సమీకరణమే తేలికని, మాటల లెక్క దాని తరువాతి మెట్టు అని ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు అనుకుంటారు. వాస్తవానికి తొలిదశలో పిల్లలు మాటల లెక్కలనే మెరుగ్గా చేస్తున్నట్టు మిచెల్ నాథన్, కెన్నెత్ కోడింగర్ చూపించారు. గణితం ఎక్కువ చదివిన వారిలోనే ఈ పొరపాటు అంచనా ఎక్కువగా కనిపించిందని నాథన్, పెట్రోసినో 2003లో ప్రచురించారు. తాను నడిచి వచ్చిన మెట్లు తనకే కనిపించనంత పైకి వెళ్లినవాడు, కింద నిలబడినవాడికి దారి చూపలేడు.

ఇంకా ముందుకు వెళ్లి చెప్పాలంటే, 1818లో నేటి బెల్జియంలోని లూవెన్‌లో బోధించిన జోసెఫ్ జాకొటో అనే ఫ్రెంచి అధ్యాపకుడికి తన విద్యార్థుల ఫ్లెమిష్ భాష రాదు, వారిలో చాలామందికి ఫ్రెంచి రాదు. ఒక గ్రంథానికి రెండు భాషల్లో ఉన్న ప్రతిని వారి చేతికిచ్చి, అనువాదం సాయంతో ఫ్రెంచి పాఠాన్ని నేర్చుకోమన్నాడు. కొంతకాలానికి వారు ఫ్రెంచిలో రాసిన రాతలు చూసి ఆయనే ఆశ్చర్యపోయాడు. తనకు తెలియనిదాన్ని కూడా బోధించవచ్చునన్న నిర్ణయానికి వచ్చి, తరువాత తనకు రాని విషయాలను కూడా చెప్పడానికి పూనుకున్నాడు. అందువల్ల విషయ శిక్షణ పెంచండి అన్న నినాదం అందుకునే ముందు, విద్యార్థిని ఆలోచింపజేయడం అన్న నైపుణ్యం దానికంటే పెద్దది కాదని ఎలా చెప్పగలం?


కొత్తపంతులు

ఎదురుప్రశ్న గారి సమాధానం నా ప్రశ్నను మెరుగుపరిచింది, అందుకు కృతజ్ఞతలు. అయితే మీరు చూపిన ఆధారాలను నేను వేరేవిధంగా చదువుతున్నాను. కోర్సుల సంఖ్య ఫలితాన్ని చెప్పలేకపోయిందంటే, విషయం అక్కరలేదని కాక, మనం కొలుస్తున్నది ఆ విషయం కాదని అర్థం కావచ్చు కదా? నేను చదివిన కోర్సులను లెక్కబెట్టి, పిల్లలకు రుణసంఖ్యల లబ్ధాన్ని నేను ఎంత బాగా చెప్పగలనో ఊహించమంటే ఎవరి ఊహైనా తప్పుతుంది. నాలుగు నుంచి ఒక్కొక్కటి తగ్గిస్తూ మైనస్ రెండుతో గుణించి చూపితే వచ్చే వరుస (−8, −6, −4, −2, 0, ఆ తరువాత 2) పిల్లలకు నమ్మకం కలిగిస్తుందనీ, విభాగ న్యాయం (a(b + c) = ab + ac) దానికి కారణం చెబుతుందనీ ఈ మధ్యనే సొంతంగా కూర్చుని తెలుసుకున్నాను. నమ్మకం ముందా, కారణం ముందా అన్నది ఏ వయసు పిల్లలకు ఎలా ఉండాలో మాత్రం ఇంకా తెలియదు. ఇది గణితమా, బోధనా పద్ధతా అని అడిగితే దేనిలో వేయాలో కూడా నాకు తెలియడం లేదు.


సమాధానం: శిక్షకురాలు

ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాను కాబట్టి కొంత వివరంగానే రాస్తాను. కొత్తపంతులు గారి అనుమానమే సరైనది. బిగెల్ కాలంలో కొలిచింది పట్టాలనూ కోర్సులనూ. తరువాత తరం పరిశోధకులు ఉపాధ్యాయుడు తన పనిలో నిజంగా వాడే గణితాన్నే పరీక్షగా మార్చారు. ఒక విద్యార్థి వింత పద్ధతిలో గుణకారం చేసి సరైన జవాబు తెచ్చాడు, ఆ పద్ధతి అన్ని సంఖ్యలకూ పనిచేస్తుందా అన్న తరహా ప్రశ్నలవి. హెదర్ హిల్, బ్రయాన్ రోవన్, డెబొరా బాల్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటి పరీక్షలో మెరుగైన ఉపాధ్యాయుల దగ్గర చదివిన ఒకటవ, మూడవ తరగతుల పిల్లలు గణితంలో ఎక్కువ ప్రగతి సాధించారు. ఒకటవ తరగతిలో కూడా అలా తేలిందన్నది గమనించండి. చిన్న తరగతులకు విషయ పరిజ్ఞానం పెద్దగా అవసరం లేదన్న వాడుక మాటకు ఇది ఎదురుదెబ్బ. మెట్జ్‌లర్, వోస్మన్ అనే ఆర్థికవేత్తలు 2012లో పెరూ దేశపు ఆరవ తరగతి పిల్లల వివరాలు తీసుకుని, ఒకే పిల్లవాడికి ఒకే ఉపాధ్యాయుడు రెండు విషయాలు చెబుతున్నప్పుడు, ఆ ఉపాధ్యాయుడికి రెండింటిలో ఏది ఎక్కువ వచ్చో దాన్నిబట్టి పిల్లవాడి మార్కులు మారుతున్నాయా అని చూశారు. గణితంలో మారుతున్నాయి. పిల్లవాడి ఇంటి పరిస్థితి, ఉపాధ్యాయుడి స్వభావం రెండు విషయాలకూ ఒకటే గనుక వాటి మీదికి నెట్టడానికి అక్కడ వీలు లేదు.

అయితే నేను నా తరగతుల్లో ఎక్కువగా వాడేది ఫిలిప్ శాడ్లర్ బృందం 2013లో ప్రచురించిన పని. 181 మంది విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులకు వారి విద్యార్థులు రాసే బహుళైచ్ఛిక ప్రశ్నపత్రమే ఇచ్చి, ప్రతి ప్రశ్నకూ రెండు గుర్తులు పెట్టమన్నారు: సరైన జవాబు ఏది, మీ పిల్లలు ఎక్కువగా ఎంచుకునే తప్పు జవాబు ఏది. సరైన జవాబు తెలియని ఉపాధ్యాయుల దగ్గర పిల్లలు ఆ అంశంలో పెద్దగా ముందుకు వెళ్లలేదు, అందులో వింత లేదు. కానీ బలమైన అపోహ ఉన్న అంశాల్లో, సరైన జవాబుతో పాటు పిల్లల తప్పు జవాబు కూడా తెలిసిన ఉపాధ్యాయుల దగ్గరే పిల్లలు ఎక్కువగా నేర్చుకున్నారు.

దశాంశాలతో దీన్ని చూపిస్తాను. 4.8, 4.63 వీటిలో పెద్దది ఏది అని అడిగితే కొందరు పిల్లలు 4.63 అంటారు, 63 ఎనిమిదికంటే పెద్దది కదా అన్నది వారి లెక్క. ఇది చాలామంది ఉపాధ్యాయులకు తెలిసిన తప్పే. కానీ తరగతిలో మరో రకం పిల్లలుంటారు. నూరవ వంతులు పదవ వంతులకంటే చిన్నవి అన్న నిజాన్ని పట్టుకుని, దశాంశ బిందువు తరువాత ఎక్కువ అంకెలున్న సంఖ్య చిన్నదై ఉండాలని వారు అనుకుంటారు. ఈ పిల్లలు 4.8 పెద్దదని సరిగ్గా చెబుతారు. ఉపాధ్యాయుడు అదే తరహాలో పది లెక్కలు ఇస్తే పదింటికి పది తెచ్చుకుంటారు. 0.3, 0.86 ఇచ్చి చూడండి, 0.3 పెద్దదంటారు. ఇక 0.45, 0.67 లాంటి జతలు ఇస్తే ఈ రెండు రకాల పిల్లల్లో ఎవరూ దొరకరు. అంకెల సంఖ్య సమానం గనుక అందరికీ మార్కులు వస్తాయి, అందరికీ పాఠం వచ్చిందని పంతులుగారు మరో అధ్యాయానికి వెళ్లిపోతారు. ఏ రెండు సంఖ్యలు ఇవ్వాలో ఎంచుకోవడంలోనే గణితం ఉంది. నేను తీసుకున్న శిక్షణ తరగతుల్లో స్నాతకోత్తరులకు కూడా ఈ రెండవ రకం గురించి చెప్పినప్పుడు, తమ పాత ప్రశ్నపత్రాలు తీసి చూసుకుని ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయేవారు.

జాకొటో గురించి ఒక మాట. ఆయన విద్యార్థులు విశ్వవిద్యాలయానికి వచ్చిన యువకులు, నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్నవారు, పైగా చేతిలో సరైన అనువాదం ఉంది. తప్పును సరిదిద్దేది ఆ అనువాదమే. ఎనిమిదేళ్ల పిల్లల చేతిలో అలాంటి ప్రతి ఏదీ ఉండదు, 0.3 పెద్దదన్న వారి నమ్మకానికి ఎదురు నిలిచేది ఎదుట ఉన్న ఉపాధ్యాయుడు ఒక్కరే.


సమాధానం: తాళపత్రం

చరిత్ర చెప్పేదాన్ని. ఇక్కడ అన్నీ గణితం, విజ్ఞానం చుట్టూనే తిరిగాయి. మా విషయంలో శిక్షణ లోటు ఇంకా తేలికగా దాగిపోతుంది, ఎందుకంటే తేదీలు, పేర్లు కంఠస్థం ఉంటే చరిత్ర వచ్చినట్టే లెక్క. ఆ సంఘటన అలా జరిగిందని మనకెలా తెలుసు, ఆ శాసనాన్ని ఎవరు వేయించారు, ఎవరి కోసం, అదే సంగతిని ఓడినవారు రాస్తే ఎలా ఉండేది అని అడిగే అలవాటు శిక్షణలో ఎక్కడా చేయించరు. ఉపాధ్యాయురాలికి ఒక్క ఆధారాన్నైనా స్వయంగా చదివి అనుమానించిన అనుభవం లేకపోతే, పాఠ్యపుస్తకమే ఆమెకు చివరి ఆధారమవుతుంది. తప్పు జవాబు బయటపడే దశాంశాల లాంటి సౌకర్యం కూడా మాకు లేదు.


ఎదురుప్రశ్న

శిక్షకురాలు గారి వివరణతో నా వాదంలో సగం ఒప్పుకుంటున్నాను. తెలియవలసింది మరింత గణితం కాదు, మరో రకం గణితం అంటున్నారు, అది నాకు సమ్మతమే. కానీ ఇది శిక్షణ సంస్థలో ఒకటి రెండేళ్లలో వచ్చేది కాదని మీ మాటల్లోనే ఉంది. ఫిన్లాండ్‌లో 1979 నుంచి ప్రాథమిక ఉపాధ్యాయులకు కూడా స్నాతకోత్తర పట్టా తప్పనిసరి చేశారని తరచూ ఉదాహరిస్తుంటారు. అంత వ్యవధి, అంత వ్యయం అందరికీ సాధ్యమా? మరోవైపు, ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవారికి ఏడాదికోసారి పెద్ద హాలులో కూర్చోబెట్టి తెర మీద చూపే పునశ్చరణ తరగతుల వల్ల ఏమైనా ఒరుగుతోందా?


శిక్షకురాలు

ఆ హాలు తరగతులు చాలావరకు హాజరుపట్టీ కోసం జరుగుతాయని, వాటిని నడిపేవారిలో ఒకరిగా చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. అన్ని విషయాలవారినీ కలిపి కూర్చోబెడితే అందరికీ పనికివచ్చేదే చెప్పాలి గనుక, చివరికి అది ప్రేరణ ఉపన్యాసంగా ముగుస్తుంది. ఒకే పాఠాన్ని చెప్పేవారు నలుగురు ఒకచోట చేరినప్పుడే విషయం మాట్లాడుకోవడం మొదలవుతుంది.

జపాన్‌లో 'జుగ్యో కెంక్యూ' అనే పద్ధతి చాలాకాలంగా ఉంది. కొందరు ఉపాధ్యాయులు కలిసి ఒకే ఒక్క పాఠాన్ని ఎంచుకుని, పిల్లలు ఏయే జవాబులు చెప్పవచ్చో ముందుగా రాసుకుని, ఒకరు ఆ పాఠం చెబుతుంటే తక్కినవారు తరగతిలో నిలబడి పిల్లల నోటుపుస్తకాలను గమనిస్తారు, తరువాత కూర్చుని చర్చిస్తారు. వారు చూసేది ఉపాధ్యాయుడి స్వరాన్ని కాదు, పిల్లల ఆలోచనను. కొత్తపంతులు గారి పర్యవేక్షకుల పత్రానికి ఇది పూర్తిగా ఎదురు. ఫిన్లాండ్ గురించి మీరన్నది నిజమే, పట్టా ఒక్కటే తీసుకుంటే క్లైన్ చెప్పిన విచ్ఛేదమే మరికొంత పొడవుగా సాగుతుంది. వారి చదువులో భాగంగా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న బడుల్లో పర్యవేక్షణ కింద పాఠాలు చెప్పడం ఉంది, దాన్ని వదిలి పట్టాను మాత్రమే అనుకరిస్తే ఫలితం రాదు.

ఉపాధ్యాయులకే పరీక్ష పెట్టి లోటు కనిపెట్టాలని కొందరు అధికారులు ఉత్సాహపడుతుంటారు. పరిశోధనకు అది పనికివస్తుంది గాని, ఉద్యోగంతో ముడిపెట్టిన మరుక్షణం అందరూ తమకు తెలియనిదాన్ని దాచుకోవడం మొదలుపెడతారు, తెలియదని చెప్పుకునే చోటు లేకపోతే నేర్చుకునే చోటు కూడా ఉండదు.


కొత్తపంతులు

వచ్చే నెలలో ఉద్యోగంలో చేరబోతున్నాను. అక్కడ గణితం చెప్పేవారు నేను కాక మరొకరే ఉన్నారట. ఇద్దరితో ఇలాంటిది సాధ్యమేనా?


పాతబల్ల

సాధ్యమే. చేరిన రోజునే ప్రధానోపాధ్యాయుల దగ్గరకు వెళ్లి, మీ ఇద్దరికీ వారంలో ఒక పిరియడ్ ఒకే సమయంలో ఖాళీ ఉండేలా టైంటేబుల్ వేయమని అడగండి. దీనికి పైసా ఖర్చు లేదు, కొత్తగా ఎవరినీ నియమించనక్కరలేదు. అయినా అడిగినవారు తక్కువ గనుక ఇచ్చినవారూ తక్కువ. ఆ పిరియడ్‌లో సిద్ధాంతాలు మాట్లాడుకోవద్దు. ఆ వారం దిద్దిన నోటుపుస్తకాల్లోంచి ఇద్దరికీ అర్థం కాని తప్పు ఒకటి తీసుకుని, ఆ పిల్లవాడు ఏ ఆలోచనతో అక్కడికి చేరి ఉంటాడో కనిపెట్టండి. తేలకపోతే మరునాడు ఆ పిల్లవాడినే పిలిచి, లెక్క ఎలా చేశాడో బిగ్గరగా చెబుతూ మళ్లీ చేయమనండి. మధ్యలో సరిదిద్దకుండా వినడం మొదట్లో చాలా కష్టం. టైంటేబుల్ ఒకసారి ఖరారయ్యాక మార్చడానికి ఎవరూ ఒప్పుకోరు కాబట్టి, అడగడం మాత్రం మొదటి వారం దాటనివ్వకండి.